జెండా పండుగ నాడు పుట్టినోళ్లం

మా బళ్లో ఆగస్టు పదిహేనున నలుగురు పుట్టారు. జనవరి ఇరవై ఆరున నాతో కలిపి ముగ్గురం. కన్నడ రాజ్యోత్సవం నాడు, అంటే నవంబరు ఒకటిన, ఇద్దరు ఆడపిల్లలు. మామూలు రోజున పుట్టినవాడు వెతికినా దొరకడు. ఇదంతా మా హెడ్మాస్టరు గారి చలవ. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులకు తేదీలు తెలియవు. జొన్న కోతలప్పుడనీ, పెద్ద వాన పడ్డ ఏడనీ చెబుతారు. ఆయన వింటూనే రిజిస్టరులో ఏదో ఒక జెండా రోజు రాసేసేవాడు. జన్మలో మరిచిపోరు, పైగా పుట్టినరోజుకు సర్కారే మిఠాయి పంచుతుంది అనేవాడు.

మా నాయన నన్నూ అన్ననూ ఒకే రోజు తీసుకెళ్లాడు. "ఇద్దరినీ ఒక్క తరగతిలనే కూసోబెట్టుండ్రి సారూ, పుస్తకాలు ఒక్క జత సాలు" అన్నాడట. ఒకే తరగతి అంటే వయసులూ దగ్గరగా ఉండాలి కదా! హెడ్మాస్టరు అన్నకు ఆగస్టు పదిహేను వేశాడు, నాకు దాని వెనకే వచ్చిన జనవరి ఇరవై ఆరు వేశాడు. చాలా ఏళ్లు ఆ నెలలు ఎవరూ లెక్కపెట్టి చూడలేదు.

మా రాయచూరు వైపు కృష్ణ ఒడ్డున కరెంటు ప్లాంటు వచ్చింది. మా చేను ఆ ప్లాంటు బూడిద వదిలే చెరువు కిందికి పోయింది. భూమి పోయిన ఇంటికి ఒక ఉద్యోగం అన్నారు. నాయన అప్పటికే లేడు. పెద్దకొడుకుగా ఆ హక్కు మా అన్నకు వచ్చింది. "నాకు ట్రాక్టరు ఉన్నది. వాడు ఐటీఐ సదివిండు, వానికియ్యండి" అని రాసిచ్చేశాడు.

కాగితాలు చూసే గుమాస్తాది గుంటూరు వైపు. మా కుటుంబ పత్రం మీద వేలు పెట్టి నా మొహం చూశాడు.

"ఏవయ్యా, మీ అన్నది ఆగస్టు, నీది జనవరి. మధ్యలో అయిదు నెలలు. ఒక్క తల్లి పిల్లలేనా మీరు? సొంత కొడుకు ఉద్యోగం వదులుకోవడమేంటి, నువ్వు రావడమేంటి? కొనుక్కున్నావా?"

అట్లా ఉద్యోగాలు చేతులు మారుతున్నాయని ఊళ్లో గుసగుసలు ఉన్నమాట నిజమే. సోమవారం లోపు తల్లిని తీసుకురాకపోతే జాబితాలోంచి పేరు కొట్టేస్తానన్నాడు. చేను పోయింది, ఇదీ పోతే ఏం తినాలి? అంతకంటే పాడు ఆలోచన ఇంకోటి పట్టుకుంది. అన్న నల్లగా, నిలువెత్తు మనిషి. నేనేమో పొట్టి, చామనఛాయ. రెండు రోజులు అద్దం ముందు నిలబడి నా ముక్కు ఎవరిదా అని చూసుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, భయమేసింది.

సోమవారం అమ్మ వచ్చింది. గుమాస్తా అదే ప్రశ్న ఆమెనూ అడిగాడు. అమ్మ కొంగు నడుముకు చుట్టింది.

"అయిదు నెల్లకొకసారి ఈననీకి నేనేమన్న మేకనా సారూ?"

ఆఫీసంతా గొల్లుమంది. లోపలి గదిలోంచి పెద్ద గుమాస్తా లేచి వచ్చాడు. రాయచూరు పాతబస్తీ ముసల్మాను, తెల్లగడ్డం. "బైఠో అమ్మా" అని కుర్చీ జరిపి, "మరి ఈడు ఎప్పుడు పుట్టిండు?" అన్నాడు.

"పీర్లు ఏటికి పోయే దినం. ఆ దినమే తొలేకాశి గూడ వచ్చింది. నేను ఒక్కపొద్దు ఉన్న. నొప్పులు తీస్తున్నయి, బయట డప్పులు. కాన్పయినంక పక్కింటి ఖాలా పీర్లకు చేసిన మలీద తెచ్చి నోట్లె పెట్టింది. ఇంట్లనేమో పేలపిండి. ఒక్కపొద్దు పాయె, ఏం జేస్తు? రెండూ తిన్న."

పెద్దాయన కళ్లు మెరిశాయి. వాళ్ల నాయన కొన్న పాత జంత్రీలు, అంటే ఉర్దూ పంచాంగాలు, ఇంట్లో పెట్టెలో ఉన్నాయట. రేపు రమ్మన్నాడు. ఆ రాత్రి అమ్మ హాయిగా నిద్రపోయింది, నాకు పట్టలేదు.

మర్నాడు చీకిపోయిన పుస్తకం ఒకటి బల్లమీద తెరిచి ఉంది. మొహర్రం పదో దినం, ఆషాఢ ఏకాదశి, రెండూ ఒకే గడిలో. నా వయసుకూ సరిపోయింది. "బడిలో రాసింది మార్చనీకి నా చేతిల లేదు. కానీ అది అందాజుగ రాసిన తారీఖని నోటు పెడుతున్న" అంటూ సంతకం చేశాడు. నా నెత్తి మీంచి మూట దిగినట్టయింది. గుంటూరు గుమాస్తా కూడా నవ్వి, "మేకమ్మగారికి టీ చెప్పండర్రా" అన్నాడు.

తిరుగు బస్సులో అమ్మ టికెట్లు కొంగున ముడేసుకుంది. తర్వాత నా వైపు వంగింది.

"ఒక మాట జెప్త, మీ అన్నకు జెప్పకు. ఆ దినం పుట్టింది నువ్వో వాడో నాకు సక్కగ యాదికి లేదురా."

"అయ్యో, మరి సారుకు అట్ల జెప్పితివి గదనే!"

"యాదికి లేదంటె నౌకరి ఇస్తుండెనా? ఇద్దర్నీ నేనే కన్న, గది పక్కా. నీ కాన్పుకైతే మూడు దినాలు సచ్చి బతికిన. తారీఖులదేముంది, మీరు మీరు పంచుకోండి." ఆ మాటతో నా ముక్కు సంగతి మరిచిపోయాను. నవ్వాను, కళ్లు తుడుచుకున్నాను, మళ్లీ నవ్వాను.

చెప్పొద్దన్నది ఆ సాయంత్రమే అన్నకు చెప్పేశాను. ట్రాక్టరు కింద పడుకుని ఏదో బిగిస్తూ, "ఆ దినాన్ని గూడ నువ్వే ఉంచుకోరా, నాకు ఆగస్టు పదిహేనున్నది" అన్నాడు. ముప్పై ఏళ్లు ఆ ఉద్యోగం జీతం తిన్నాను. ఆ దినం నిజంగా అన్నదే అయితే, ఉద్యోగంతో పాటు పుట్టినరోజు కూడా ఆయనే ఇచ్చాడు నాకు.