మేస్త్రి మావ లేని మొదటి లోడు

మేస్త్రి మావ పోయేడని ఫోనొచ్చేసరికి నేను లారీ మీదున్నాను. అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మలు ఎక్కించడం అయిపోయి, టార్పాలిన్ తాడు బిగిస్తున్నాను. ఆయన పెద్దకూతురు ఫోను. "మా అబ్బా పోయేరన్నా. పొద్దున్న నమాజుకి లేపితే లెగలేదు" అంది. తాడు నా చేతిలోనే ఉండిపోయింది. మనిషి పోయిన మాట విన్నప్పుడు ముందు ఏడుపు రావాలి కదా. నాకు ముందు భయమొచ్చింది. సిగ్గుపడే మాటే గానీ దాచి లాభం లేదు. మర్నాడు ఆయన నా పక్క సీట్లో కూర్చుని చింతపల్లి ఘాట్‌కి రావాలి. ఇప్పుడా ఘాట్ నేనొక్కణ్ణే ఎక్కి, నేనొక్కణ్ణే దిగాలి.

అందులో భయపడ్డానికేముందని మీరనుకుంటారు. చెబుతాను. నేను రాసేవాణ్ణి కాదు, స్టీరింగు పట్టుకునేవాణ్ణి. తప్పులుంటే సర్దుకోండి.

నాది పెట్రోలు లారీ. నవ్వకండి, నవ్వేవాళ్లందరూ ఇప్పటికే నవ్వేసేరు. మా నాన్న మిలటరీ వేలంలో పాడుకున్న బండి అది. ఇప్పటి బళ్లలా కంప్యూటర్లు లేవు, కార్బొరేటర్ ఉంది. డీజిలు ఇంజను ఎక్కించమని ఊరంతా చెప్పినా నాన్న వినలేదు. ఆయన పోయేక ఎక్కించే స్తోమత నాకు లేదు. ఎస్. రాయవరంలో మా వీధి మలుపు తిరిగితే చాలు, "అదిగో తాగుబోతు వత్తన్నాడు" అనేవారు. నన్ను కాదు, బండిని. లీటరు పోస్తే రెండు కిలోమీటర్లు నడిచేది, అదీ దాని మనసు బాగుంటే. తుక్కుకి అమ్మేద్దామని అనుకున్న రోజుల్లో లారీ స్టాండులో ఒకాయన మేస్త్రి మావ షెడ్డు చూపించేడు. పాత కార్బొరేటర్ల పని తెలిసినవాడు ఈ చుట్టుపక్కల ఆయనొక్కడే మిగిలేడని చెప్పి, వెనకే ఇంకో మాట కూడా చెప్పేడు, మంచి పనివాడే గానీ పిరికోడని.

మైలేజి పెంచమని అడిగితే ఆయన బానెట్ ఎత్తలేదు. సీటు కింద చెయ్యి పెట్టి నాన్న దాచిన సామాను బయటికి లాగేడు. విరిగిన స్ప్రింగు పట్టీలు, తుప్పు గొలుసులు, పనిచెయ్యని జాకీ. "ఈ ఇనుమంతా ఎవరికోసం మోత్తన్నావల్లుడూ?" అన్నాడు. ఆ రోజునుంచే నేను అల్లుణ్ణి, ఆయన మావ. తర్వాత టైర్లలో గాలి చూసేడు. తర్వాత చక్రాలు ఒక్కొక్కటీ జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పేడు. వెనక ఎడమ చక్రం తిరగనని మొండికేసింది. బ్రేకు పట్టేసి ఉంది. ఇన్నాళ్లూ నేను బ్రేకు నొక్కి పెట్టుకుని, దానిమీద పెట్రోలు పోస్తూ బండి తోలేనన్నమాట. నా తెలివికి నేనే దణ్ణం పెట్టుకోవాలి.

బానెట్ రెండోరోజు ఎత్తేడు. గాలి ఫిల్టరు కిరసనాయిల్లో కడిగేడు. కార్బొరేటర్ విప్పి ఒక పాత పళ్లెంలో ముక్కలన్నీ పరిచేడు. ప్లగ్గులు తీసి నాకు చూపించేడు, బొగ్గులా ఉన్నాయి. ఆయన పాఠాల్లో నాకు బాగా గుర్తున్నది ఇదే. "ప్లగ్గు మూతి మన బెల్లం రంగులో ఉండాల. నల్లగుంటే బండి ఎక్కువ తాగుతున్నట్టు. తెల్లగుంటే ఆకలితో సత్తన్నట్టు. రెండోది ఇంకా పాపం." యాక్సిలేటర్ తొక్కడం కూడా మళ్లీ నేర్పించేడు. పసిపిల్ల పొట్టమీద చెయ్యి ఆన్చినట్టు కాలు ఆన్చమనేవాడు. ముప్ఫయ్యేళ్లొచ్చిన డ్రైవర్ని, పెళ్లై పిల్లలున్నవాణ్ణి, షెడ్డు ముందు రోడ్డుమీద అటూ ఇటూ తిప్పించి కాలు ఆన్చడం నేర్పించేడు. వారం తిరిగేసరికి బండి లీటరుకి మూడు దాటింది.

ఆయనకో పద్ధతి ఉండేది. తన చెయ్యి పడిన బండి మొదటి లోడుకి వెళ్తే తనూ ఎక్కాలి. ఎంత దూరమైనా సరే, ఎంత పనున్నా సరే. గోనెసంచి నాలుగు మడతలు పెట్టి సీటుమీద వేసుకుని, తలుపు పక్క ఇనప కడ్డీ గట్టిగా పట్టుకుని కూర్చునేవాడు. తాళం తిప్పేముందు బిస్మిల్లా అనేవాడు. ఘాట్‌లో దిగుతున్నంతసేపూ పెదాలు కదుల్తూనే ఉండేవి, నుదుటిమీద చెమట. కిందికొచ్చి బండి ఆగగానే దిగి నాలుగు చక్రాల బ్రేకు డ్రమ్ములూ చెయ్యి తిరగేసి ముట్టుకునేవాడు. వేడెక్కిన డ్రమ్ము బ్రేకు పట్టేస్తోందని చెబుతుంది, పట్టేసిన బ్రేకు పెట్రోలు తినేస్తుంది, అలిసిన బ్రేకు మనిషిని తినేస్తుంది అనేవాడు. ఆయన్ని పిరికోడని ఎందుకన్నారో అప్పుడర్థమైంది. అంత భయపడే మనిషి ప్రతిసారీ ఎందుకు ఎక్కుతున్నాడో మాత్రం అప్పుడర్థం కాలేదు.

ఇక నా వెధవ పని గురించి చెప్పాలి. మూడు వచ్చింది కదా, నాకు నాలుగు కావాలనిపించింది. ఆశ అలాంటిది. కార్బొరేటర్లో జెట్టు అని చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది, దాని కన్నంలోంచే పెట్రోలు ఇంజన్లోకి వెళ్తుంది. ఆ కన్నం సీసంతో పూడ్చి, సన్నటి సూదితో మళ్లీ చిన్న కన్నం పెడితే పెట్రోలు మిగుల్తుందని స్టాండులో ఒకడు చెప్పేడు. మావకి తెలీకుండా ఒక తుక్కు జెట్టుకి అలా చేసి బిగించి, అసలుది బండిలోనే దాచేను. దానికి తోడు దిగువ రోడ్డు కనపడితే చాలు, బండిని న్యూట్రల్లో పెట్టి తాళం తిప్పి ఇంజను ఆపేసేవాణ్ణి. మాకవరపాలెం దగ్గర చిన్న చిన్న పల్లాల్లో అలవాటైపోయింది. ఇంజను ఆగి బండి చల్లగా జారుతుంటే ఎంత సుఖంగా ఉండేదో. ట్యాంకులో వెదురు పుల్ల ముంచి పెట్రోలు ఎంత మిగిలిందో చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

ఒకసారి చింతపల్లిలో బంధువుల పెళ్లికి వెళ్లి ఆయన నా లారీలో తిరుగుప్రయాణమయ్యేడు. బండిలో చింతపండు బస్తాలు. బయల్దేరేముందు బండి వేడెక్కుతోందేమని ఒక ప్లగ్గు తీసి చూసేడు. మళ్లీ బిగించేసి ఏమీ అనకుండా ఎక్కి కూర్చున్నాడు. పెళ్లి భోజనం, చల్లగాలి, లంబసింగి దాటేసరికి నిద్రపోయేడు. నాకేమో కిందికి వెళ్లేక పుల్ల ముంచి ఆయనకి చూపించాలని ఉబలాటం. న్యూట్రల్ చేసి తాళం తిప్పి ఇంజను ఆపేసేను.

ఆ పాత బండికి ఇంజను నడుస్తుంటేనే బ్రేకుకి బలం. ఆగిపోతే రెండు నొక్కులకి సరిపడా బలం మిగిలుంటుంది. ఆ సంగతి నాకు తెలీదు. మొదటి మలుపులో నొక్కేను, పట్టింది. రెండో మలుపులో పట్టింది. మూడో మలుపులో నా కాలు బండరాయిమీద పెట్టినట్టయింది. రెండు కాళ్లూ పెట్టి తొక్కేను. కదల్లేదు. నా పై ప్రాణాలు పైనే పోయేయి. ఎదురుగా లోయ, వెనక చింతపండు బరువు తోస్తోంది. మావని లేపాలన్న ఆలోచన కూడా రాలేదు.

చప్పుడు ఆగిపోయిందనే ఆయనకి మెలకువొచ్చిందట. అరవలేదు. చెయ్యి చాపి తాళం తిప్పేడు. "బ్రేకు మర్సిపో. థర్డ్‌లో పెట్టు" అన్నాడు. గేరు పళ్లు కరకరలాడేయి, పడలేదు. "మళ్లీ" అన్నాడు. రెండోసారి పడింది. బండి ఎగిరిపడి ఇంజను అందుకుంది, బ్రేకుకి ప్రాణం వచ్చింది. కొండ పక్క కాలవలో ముందు చక్రం దిగబడి ఆగేం.

తాళం లాక్కుని దిగి చక్రాల కింద రాళ్లు పెట్టేడు. తర్వాత రోడ్డు పక్కన కూలబడి తన చేతులు నా ముందు చాపేడు. గజగజ వణుకుతున్నాయి. తాళంచెవి ఆ గుప్పిట్లోనే ఉంది.

"నాకు భయమేసిందల్లుడూ. నీకేసిందా?"

ఏం లేదు మావా అన్నాను. మగతనం కదా.

"అయితే తాళం ఇవ్వను. భయమేసిందని సెప్పు, అప్పుడిత్తాను."

లారీలు, బస్సులు హారన్లు కొట్టుకుంటూ మా పక్కనుంచి పోతున్నాయి. నాకు నా పిల్లలు గుర్తొచ్చేరు. చివరికి చెప్పేను. చెప్పగానే ఏడుపొచ్చింది, చిన్నపిల్లాడిలా ఏడ్చేను. ఆయన నా గుప్పిట్లో తాళం పెట్టి, అసలు జెట్టు ఎక్కడ దాచేవని అడిగేడు. బయల్దేరేముందు ప్లగ్గు చూసినప్పుడే తెలుసుకున్నాడు, తెల్లగా సున్నం కొట్టినట్టుందట. పెళ్లివారి ముందు నా పరువు తీయడం ఎందుకులే, ఇంటికెళ్లేక అడుగుదామని ఊరుకున్నాడట. "అప్పుడే అడక్కపోవడం నా తప్పు" అన్నాడు. నా తప్పు గురించి మాత్రం ఒక్క మాట అనలేదు, ఆ తర్వాత పదిహేనేళ్లలో ఎప్పుడూ అనలేదు. అక్కడే రోడ్డుమీద జెట్టు మార్చి, మళ్లీ గోనెసంచి మడతపెట్టి, నా పక్కనే ఎక్కేడు. ఏ బస్సులోనో పోవచ్చు. పోలేదు.

ఆ రోజునుంచీ ప్రతి రిపేరు తర్వాతా మొదటి లోడుకి ఘాట్ పైన బండి ఆపించేవాడు. తాళం తీసుకుని అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి, భయమేత్తంది మావా అని. తాళం ఇచ్చేవాడు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత ఆ మాట చెప్పకపోతే నా కాలు క్లచ్ మీదకి వెళ్లేది కాదు.

పోయే ముందు వారం జ్వరంతోనే కార్బొరేటర్ మళ్లీ విప్పి సరిచేసేడు. "శుక్రవారం పోదాం. నేను రాకుండా ఘాట్‌కి పోకు" అన్నాడు. అదే ఆఖరి మాట. నేను జనాజా మోసేను, మూడు పిడికిళ్ల మట్టి వేసేను. మోస్తున్నంతసేపూ ఆయన బరువు నా భుజంమీద చాలా తక్కువగా ఉంది, అది నన్నింకా భయపెట్టింది.

తర్వాత నాలుగు రోజులు బండి తియ్యలేదు. వానగాలి పట్టింది, బెల్లం చెమర్చి కారడం మొదలైంది. షావుకారు ఫోన్లమీద ఫోన్లు. అమ్మేసెయ్యండని నా భార్య అంది, అనడమే కాదు, తాళంచెవి బియ్యం డబ్బాలో దాచింది. ఆయన చెయ్యి చివరిసారి పడిన బండి ఆయన చూడకుండా దిగాలి. ఎక్కడైనా ఒక మర వదులుగా ఉండిపోయిందేమో, జ్వరంలో ఆయన చెయ్యి తప్పిందేమో. పడుకుంటే మూడో మలుపు కనిపించేది. అయిదో రోజు మా ఆవిడే డబ్బా మూత తీసి తాళం ఇచ్చింది. తనకీ భయమే, మొహం చూస్తే తెలిసింది.

చింతపల్లిలో బెల్లం దింపేను. చింతపండు ఎక్కించేను. లంబసింగి దాటి, ఆయన ఆపించే చోటే ఆపేను. పక్క సీట్లో గోనెసంచి ఆయన పెట్టిన మడతల్లోనే ఉంది. తాళం తీసి, ఏం చెయ్యాలో తెలీక, ఆ సంచిమీద పెట్టేను.

"భయమేత్తంది మావా" అన్నాను.

తాళం నేనే తీసుకున్నాను. ఆయన దేవుడి పేరు ఆయన తరఫున నేనే చెప్పేను. సెకండ్ గేర్లో దిగేను, అడుగడుగునా పెట్రోలు తాగిస్తూ. వెనక బళ్లవాళ్లు హారన్లు కొట్టేరు, ఒకడు దాటిపోతూ తిట్టేడు కూడా. ఇంజను చప్పుడు ఒక్కసారీ ఆగలేదు. నా పెదాలు కదులుతున్నాయని మూడో మలుపు దాటేకగానీ నాకు తెలీలేదు.

కింద బండి ఆపి దిగేను. డ్రమ్ములు ఒక్కొక్కటీ చెయ్యి తిరగేసి ముట్టుకున్నాను. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. వెనక ఎడమది ఆఖర్న ముట్టుకున్నాను. అదీ అంతే ఉంది. చెయ్యి తీసి చూసుకుంటే వెనకంతా బ్రేకు నుసి నల్లగా అంటుకుంది, నేను ఎరిగున్నన్నాళ్లూ ఆయన చేతికున్నట్టే. ఇంటికెళ్లేదాకా తుడుచుకోలేదు.