ఆవాల సంచి

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక నేను మళ్లీ ఆఫీసుకు వెళ్లిన మొదటి రోజు అది. తీసేసిన ఎడమవైపు దూది పెట్టుకుంటే పైకి జరిగిపోతోందని, మా పాప పసితనంలో వాడిన ఆవాల దిండు విప్పి, ఆ ఆవాలతో చిన్న సంచి కుట్టి లోపల పెట్టుకున్నాను.

సాయంత్రం రాయదుర్గం మెట్రోలో, పరదా వెనక ఆడవాళ్లను తనిఖీ చేసే సెక్యూరిటీ అమ్మాయి చేయి సరిగ్గా అక్కడే ఆగింది.

"ఏంది మేడమ్, లోపల గింజలు పెట్టిన్రు?" అని గట్టిగా అడిగింది. బయట వరుసలో ఉన్నవాళ్లందరికీ వినపడే ఉంటుంది. సిగ్గుతో చచ్చిపోయాను. కుర్తా మెడ పక్కకు లాగి మచ్చ చూపించాను.

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. పక్కకు జరిగిన సంచిని తనే సర్ది, చున్నీ కప్పి, పైన అరచేయి ఆనించి, "నొప్పున్నదా అక్కా?" అంది మెల్లగా.

నాకు ఏడుపు ఆగలేదు. నొప్పికే ఏడుస్తున్నాననుకుంది పాపం. ఆపరేషన్ అయ్యాక, దవాఖానలో వాళ్లు కాకుండా నన్ను అక్కడ ముట్టుకున్నది ఆ అమ్మాయి ఒక్కతే.

మా ఆయన మంచివారే. చేయి తగిలితే నాకు బాధని హాల్లో పడుకుంటున్నారు. "నొప్పున్నదా?" అని ఆయనా రోజూ అడుగుతారు, గుమ్మం అవతల నిలబడి.

– ఒక సోదరి, అమీర్‌పేట