రాజీనామా నేర్పిన మీసాల ఎంపీ

నన్ను నిలువునా ముంచినవాడు మా విశాఖపట్నంలో లేడు. పాకిస్తాన్‌లో ఉన్నాడు. అక్కడి పార్లమెంటు సభ్యుడు. నేనొకణ్ణి ఉన్నానన్న సంగతి కూడా ఆయనకు తెలియదు. అయినా నేను క్షమించలేదు. నేనెవర్నీ క్షమించను. చిన్నప్పుడు ఒక పెళ్లిలో నా విస్తరి దాటేసి పక్కవాడికి బూరె వడ్డించినాయన ముఖం నాకిప్పటికీ గుర్తే.

అప్పట్లో నేను సీతమ్మధారలో మా వాకర్స్ క్లబ్‌కు ఉపాధ్యక్షుణ్ణి. మీకు తెలియనిదేముంది, మా ఊళ్లో పొద్దున్నే నడవడం ఒక వంక, అసలు వ్యాయామం పదవులే. మా క్లబ్ ఆనవాయితీ ఏమిటంటే, ఈ ఏడాది ఉపాధ్యక్షుడే వచ్చే ఉగాదికి అధ్యక్షుడు. పోటీ లేదు, ఓట్లు లేవు. నోరు మూసుకుని కూర్చుంటే కుర్చీ తనంతట తానే నడిచొస్తుంది. ప్రమాణ స్వీకారం కోసం ద్వారకా నగర్‌లో సఫారీ సూటు కూడా కుట్టించుకున్నాను.

ఇంతలో సన్మాన సభ వచ్చింది. అధ్యక్షుడు సత్యనారాయణగారు వేదిక మీది పెద్దలందరికీ శాలువాలు కప్పుతున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి శాలువాలు అయిపోయాయి. ఆయన తడుముకోలేదు. పక్కాయన భుజాల మీది శాలువా తీసి నాకు కప్పారు. అది ఇంకా వెచ్చగా ఉంది! ఫొటో తీయగానే మళ్లీ పక్కాయనకే ఇచ్చేశారు.

ఇంటికొచ్చి మండిపోతూ ఫోనులో వీడియోలు చూస్తుంటే ఈ పాకిస్తాన్ మీసాల ఎంపీ కథ తగిలింది. పార్టీ సభలో రెండో వరుసలో కూర్చోబెట్టారని ఆయన రాజీనామా చేశాడట. నాయకులు బతిమాలడానికి వచ్చారు. మీసం దువ్వి కుదరదన్నాడు. మళ్లీ వచ్చారు. ఈసారి మంత్రి పదవి పట్టుకొచ్చారు. తర్వాత పార్టీ మారాడు, మళ్లీ అలిగాడు, మళ్లీ ఎదిగాడు. నరికినకొద్దీ చిగురేసే మునగచెట్టనుకోండి. ఇన్నాళ్లూ నాకు గురువు దొరకలేదు, అంతే!

నేనూ రాజీనామా చేస్తాననగానే క్లబ్‌లో నా ప్రాణమిత్రుడు అప్పలరాజు నెత్తీ నోరూ బాదుకున్నాడు.

"ఏటి బావా, నీకు మతి గానీ పోనాదేటి? ఉగాది దాకా ఊరుకుంటే కుర్సీ నీదే కదా!"

"మర్యాద లేని కుర్చీ నాకెందుకు బావా?"

"శాలువా గురించేనా? నానొకటి కొనిత్తాను, ఊరుకో."

నేను ఊరుకుంటానా! మర్నాడు పార్కులో అందరి మధ్యా నిలబడి, "నేను రాజీనామా చేస్తున్నాను!" అని గర్జించాను. నా ఖర్మ, అప్పుడే నవ్వుల వ్యాయామం మొదలైంది. క్లబ్ మొత్తం చేతులు పైకెత్తి "హహ్హహ్హా" అంది.

ఇంటికొచ్చి, రాబోయే రాయబారం కోసం జీడిపప్పు వేయించమన్నాను. మా ఆవిడ నన్నోసారి, మూకుడునోసారి చూసి వేయించింది.

సాయంత్రానికి వచ్చారు, సత్యనారాయణగారూ అప్పలరాజూ. సత్యనారాయణగారిది భీమవరం వైపు. పోర్టు ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డారు గానీ, ఆ గోదావరి మర్యాద మాత్రం ఇంకా వదల్లేదు.

"మీ రాజీనామా మేమింకా ఆమోదించలేదండి. శాలువా విషయంలో తప్పు మాదేనండి. మీరు ఊఁ అంటే చాలు, ఉగాదికి మీరే అధ్యక్షులండి."

నా గుండె గంతేసింది. నాలుక చివరి దాకా 'ఊఁ' వచ్చింది. కానీ గురువుగారు మొదటిసారి ఒప్పుకోలేదే! నాకు మీసం లేదు కనుక పై పెదవే దువ్వుకున్నాను.

"నా నిర్ణయం మారదు."

"అనీ బావా, ఊఁ అనీ! జీడిపప్పు తినీసి ఎల్లిపోతాం."

"ప్రాణం పోయినా మారదు!"

సత్యనారాయణగారు లేచి రెండు చేతులూ జోడించారు. "పెద్దవారు, ఇంత గట్టిగా చెప్పాక మీ మాట కాదంటే మర్యాదగా ఉండదండి. ఆమోదించేశామండి."

అని, గుప్పెడు జీడిపప్పు తీసుకుని వెళ్లిపోయారు.

నేను కంగారుపడలేదు. రెండో రాయబారం రావాలి కదా! ఎదురుచూస్తుంటే మా ఆవిడ ఫోను పట్టుకొచ్చింది.

"ఏటండీ, ఈ మీసాలాయన కతకి రెండో భాగం ఉంది. సూసేరా?"

"రెండో భాగమా?"

"ఆకరిసారి రాజీనామా ఇత్తే తీసీసుకున్నారట. పక్కన నిలబడి బతిమాలిన సావాసగాడికే ఆ సీటు ఇచ్చీసినారట."

అంతలో కాలింగ్ బెల్ మోగింది. పరుగెత్తాను. గుమ్మంలో అప్పలరాజు, ఒక్కడే, నేల చూపులు చూస్తున్నాడు.

"బావా, ఉపాధ్యక్షుడిగా ఉండమని నన్నడిగినారు."

"నువ్వేమన్నావ్?"

"నాకు నీలాగ రాజకీయాలు తెలీవు కదా. ఊఁ అనీసినాను." కాసేపు గుమ్మం గోకి, "ఆ సఫారీ సూటు నీకింక పనికిరాదు కదేటి?" అన్నాడు.

ఇచ్చాను. ఉగాది నాడు నా సూటు వేసుకుని వాడు అధ్యక్షుడయ్యాడు. పొట్ట దగ్గర బొత్తాం పట్టలేదు. ఆ ఏడాది నాకు మిగిలిన ఆనందం అదొక్కటే. సభ చివర మాజీ ఉపాధ్యక్షుణ్ణని నన్నూ వేదిక మీదకు పిలిచి శాలువా కప్పారు.

వెచ్చగా ఉంది.

ఆ శాలువా లాక్కునేలోపే, దాని మీద చెయ్యేసి మనస్సాక్షిగా ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో, బస్సులో దొరికిన కిటికీ సీటుకైనా సరే, రాజీనామా చేయను. ఒకవేళ చేయాల్సివస్తే, ముందు రెండో భాగం చూస్తాను.