సక్కగ నడువు

చిన్నప్పుడు ఆదివారం చర్చికి పోయే దారి పొడుగునా అమ్మ నా పక్కనే నడుస్తూ ఒకటే మాట అనేది: “సక్కగ నడువు బిడ్డా, అందరు చూస్తాండ్రు.”

పోలియో నా ఎడమకాలిని పొట్టి చేసింది. అమ్మ ఊరుకోలేదు. ఆ కాలికి ఎత్తు చెప్పు కుట్టించింది, లంగా అంచు కిందికి దింపింది. చూసేవాళ్లకు తెలియకుండా నడవడానికి నాకు ఏళ్లు పట్టింది. నేను కష్టపడి నేర్చిన చదువంటే అదే. డిగ్రీ దాని తర్వాతే.

హనుమకొండలో ఒక చీరల దుకాణంలో బిల్లింగ్ పని దొరికినప్పుడు ఆ కష్టానికి ఫలితం దక్కిందనుకున్నాను. నాలాంటివాళ్లను పెట్టుకుంటే సర్కారు ఓనర్‌కు కొంత సొమ్ము ఇస్తుందని చేరాకే తెలిసింది. మాకు దివ్యాంగులని పేరు కూడా పెట్టారు. పేరు గొప్ప ఊరు దిబ్బ. కౌంటర్ వెనక నుంచి లేవొద్దని ఓనర్ మొదటిరోజే చెప్పాడు. పెళ్లి చీరలకు వచ్చినవాళ్లకు కుంటిది ఎదురొస్తే బాగుండదట. ఆ మాట నా మొహం మీదే అన్నాడు.

ఆ సొమ్ము మంజూరు చేసే ఆఫీసర్ నన్ను చూడటానికి వస్తాడన్న రోజు, ఓనర్ పొద్దున్నే నా నడక చూసి మొహం ముడుచుకున్నాడు.

“గిట్ల నడిస్తే నీకేమైందని అడుగుతడు. ఆ చెప్పు ఇడువు. జర కుంటు.”

“సర్టిఫికెట్ ఉంది గద సార్.”

“కాయిదం ఉంటే సరిపోతదా? పైసలు రాకుంటే నిన్ను పెట్టుకొని నాకేం ఫాయిదా?”

ఒళ్లు మండింది. కానీ ఇంటి కిరాయి, అమ్మ మందులు నా జీతం మీదే నడుస్తున్నాయి. చెప్పులు రెండూ విడిచి కౌంటర్ కింద పెట్టాను.

ఆఫీసర్ మంచివాడే, “కూసోమ్మా” అన్నాడు. ఓనరే ఒప్పుకోలేదు. “జర తలుపు దాక పోయి రా, సార్ చూస్తడు.” పరుపుల మీద కూర్చుని చీరలు చూస్తున్నవాళ్లంతా తలలు తిప్పారు. ఉత్త కాళ్లతో తలుపు దాకా కుంటుతూ పోయాను, కుంటుతూ వచ్చాను. ఆఫీసర్ ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు. ఆయన వెళ్లాక ఓనర్, “మస్తు నడిచినవమ్మా” అన్నాడు. అంత అవమానం నేను బడిలో కూడా పడలేదు.

సాయంత్రం అమ్మ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. పెద్ద ఆఫీసర్ వస్తున్నాడని పొద్దున నేనే చెప్పి వెళ్లాను.

“ఆఫీసర్ ముంగట సక్కగ నడిచినవా బిడ్డా?”

“నడిచిన అమ్మా. ఓనర్ గూడ మెచ్చుకున్నడు.”

అమ్మ మొహం వెలిగిపోయింది. “చూసినవా, నా మాట ఇన్నందుకే నీకు నౌకరీ నిలబడ్డది” అంది.