అక్క తాగని పాలు

నా చిన్నప్పుడు మిర్యాలగూడలో మా ఇంటి వెనక గదిలో ఒక అక్క కిరాయికి ఉండేది. బీహార్ నుంచి వచ్చి రైస్ మిల్లులో పనికి కుదిరిన ఒకాయన భార్య. ఆమెకు తెలుగు రాదు, మా నాయనమ్మకు హిందీ రాదు. అయినా ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంపేవాళ్లు.

దీపావళి వెళ్లాక వాళ్ల ఛఠ్ పండుగ వచ్చింది. సాయంత్రం మునిగే సూర్యుడికి, మర్నాడు పొడిచే సూర్యుడికి మొక్కేదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదని పొద్దున్నే అక్క నాతో చెప్పింది. బడిలో నేర్చుకున్న హిందీతో నాకు అర్థమైంది. కానీ అడగనిదే నోరు విప్పే పిల్లను కాను నేను.

మధ్యాహ్నం నాయనమ్మ అక్క ఎండిన పెదవులు చూసి, గ్లాసు నిండా వేడి పాలు తెచ్చింది. మా ఇళ్లల్లో ఉపవాసమంటే పాలూ పండ్లూ తీసుకుంటే తప్పు లేదు మరి.

"ఒక్కపొద్దుకు పాలు తాగొచ్చు బిడ్డా, జర తాగు."

అక్క చేతులు జోడించి తల అడ్డంగా ఊపింది. నాయనమ్మ మొహం చిన్నబోయింది. "ఏంది, నా శేతి పాలు తాగవా? నేను పరాయిదాన్నా?"

మాటలు తెలియకపోయినా ఆ గొంతులో బాధ అక్కకు తెలిసింది. పెద్దామెను నొప్పించలేక, కళ్లనిండా నీళ్లతో గ్లాసు అందుకుంది. ఒక్క గుక్క తాగితే ఏడాదంతా ఎదురుచూసిన వ్రతం పోతుంది.

"నాయనమ్మా, వద్దు! నీళ్లు గూడ తాగొద్దంట!" అని అరిచాను. అంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు.

నాయనమ్మ గబుక్కున గ్లాసు లాక్కుంది. "అయ్యో, ఎంత పని చేపిస్తుంటినే బిడ్డా!" అంటూ అక్క తల నిమిరింది.

మర్నాడు తెల్లవారుతుండగా, మేం ఏటా బతుకమ్మలను సాగనంపే సాగర్ కాలువ మెట్ల దగ్గరే అక్క నడుములోతు నీళ్లలో నిలబడింది. నాయనమ్మ ఆమె పొడి చీర పట్టుకుని ఒడ్డున నిలబడి గొణుగుతూనే ఉంది. "సలికి వణుకుతున్నది పిల్ల. గీ సూర్యుడు జర జల్ది రావొద్దా?"

సూర్యుడు పొడిచాక అక్క పైకొచ్చి, ప్రసాదం మొదట నాయనమ్మ చేతిలోనే పెట్టింది. నాయనమ్మ సంచిలోంచి ఫ్లాస్కు తీసి పాలు పోసిచ్చింది. అక్క తాగేదాకా చూసి, తనూ పోసుకుని గటగటా తాగింది. చాయ్ పడందే మంచం దిగని మనిషి, నిన్నటి నుంచి ఏమీ ముట్టలేదని అప్పుడు అర్థమైంది. ఎందుకని అడిగాను.

"ఇంట్ల ఆడపిల్ల నోరెండవెట్టుకొని తిరుగుతుంటే నాకు చాయ్ ఎట్ల దిగుతది?"

ఇప్పటికీ నలుగురిలో నాకు మాటలు రావు. కానీ ఎవరైనా నేనిచ్చింది వద్దంటే చిన్నబుచ్చుకోను. గ్లాసు పక్కన పెట్టి, వాళ్ల దగ్గర కాసేపు కూర్చుంటాను.