పగిలిన ఆకు రాయి

మా బాపు బొగ్గుబాయిలో పనిచేసే రోజుల్లో ఇంటికి తెచ్చిన రాయి ఒకటి నా దగ్గర ఉంది. పలకలాంటి నల్లటి రాయి, దాని మీద నాలుక ఆకారంలో పొడుగాటి ఆకు అచ్చు. నడుమ ఈనె, దానికి అటూ ఇటూ వల అల్లినట్టు సన్నటి గీతలు. గోదావరి పక్కన మా కాలనీలో ఇలాంటివి చాలా ఇళ్లలో ఉండేవి. మా అవ్వ దాన్ని మామిడి తొక్కు జాడీ మూత మీద బరువుకు పెట్టేది. బాపు పోయాక నేను కరీంనగర్ తెచ్చుకున్నాను.

పడుకునే ముందు నా కూతురికి ఆ రాయి కథే కావాలి. మనుషులే లేని కాలంలో, పాతిక కోట్ల ఏళ్ల కిందట, ఒక ఆకు రాలి బురదలో పడింది. బురద రాయి అయింది, పక్కనున్న అడవి బొగ్గు అయింది, బొగ్గు తవ్వబోయిన తాతకు ఆకు దొరికింది. డిగ్రీలో చదివిన భూగర్భశాస్త్రం నాకు ఉద్యోగం తేలేదు గానీ ఈ కథకు సరిపోయింది.

మా ఆయన చిన్నాన్నది గ్రానైట్ వ్యాపారం. ఆదివారం పొద్దున ఆయన తన ఇంట్లో వాడకట్టు పిల్లల్ని కూర్చోబెట్టి అసలైన చరిత్ర చెబుతారు. ఇడ్లీ కూడా పెడతారు కాబట్టి ఎవరూ మానరు. లోకం ఇప్పుడున్నట్టే ఒక్కసారిగా పుట్టిందట, మనిషి లేని కాలమే లేదట. గుట్టల్ని పూర్వీకులు రాయి కరిగించి పోశారట. ఇదంతా తెల్లవాళ్లు పుస్తకాల్లోంచి తీసేశారట. అదే మనిషి కొత్త గుట్ట కొనేముందు భూగర్భశాస్త్రం చదివినవాణ్ణి పిలిపించి, బోరు వేయించి, లోపలి రాయి చూస్తే తప్ప అడ్వాన్సు ఇవ్వరు. తన డబ్బు పెట్టేచోట శాస్త్రం కావాలి. పిల్లల బుర్రలు పెట్టేచోట మాత్రం అక్కర్లేదు.

మా ఆయన ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు, శనివారం వస్తాడు. ఆదివారం చిన్నాన్నతో తగువు పెట్టుకునే ఓపిక ఆయనకు లేదు. పిల్లలు మరిచిపోతారులే అంటాడు.

మా పిల్ల మరిచిపోలేదు. ఒక ఆదివారం వచ్చి, కథ వద్దంది. "తాత అబద్ధాలు చెప్పేటోడా మమ్మీ?" అని అడిగింది. ఇలాంటి రాళ్ల మీద బొమ్మలు పూర్వీకులు చెక్కినవని, ఆకు రాలి పడిందనేవాళ్లు అబద్ధాలకోరులని చిన్నతాత చెప్పారట.

అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. ఎవరేం వాగినా భూమి వయసు తగ్గదు. నా బిడ్డ తన కళ్లతో చూసినదాన్ని పక్కన పెట్టి, గట్టిగా మాట్లాడే పెద్దమనిషి గొంతును నమ్మడం నేర్చుకుంటోంది. నా భయమంతా అదే. పై ఆదివారం రాయిని తువ్వాలలో చుట్టుకుని తనతో పాటు నేనూ వెళ్లాను.

చిన్నమామయ్య రాయిని అటూ ఇటూ తిప్పి చూశారు. ఎంత సన్నటి పనితనమో చూడమని పిల్లలకు చూపించారు. ఇది భూమి లోపల, బొగ్గు పక్కన దొరికిందని, అంత లోతున చెక్కే మనిషి ఎక్కణ్ణుంచి వస్తాడని నేను మెల్లగా అడిగాను. ఆయన నవ్వారు.

"నాకు రాయి సంగతి చెప్తున్నవా బిడ్డా. జిందగీ అంత రాళ్ల మీదనే పోయింది నాది."

గ్రానైట్ వాళ్లకు ఒక అలవాటుంది. ఏ రాయి చేతికొచ్చినా ముందు నీళ్లు పోస్తారు, రంగు తేలడానికి. తర్వాత సుత్తితో కొట్టి చెవి పెట్టి వింటారు. ఖంగుమంటే మంచి రాయి. ఇది గ్రానైట్ కాదు, పొరలు పొరలుగా పేరుకున్న బురద. వద్దు మామయ్యా అనేలోపే చెంబుతో నీళ్లు పోశారు, ఎంత గట్టి రాయి మీద చెక్కారో వినండని పిల్లలకు చెప్పి సుత్తితో కొట్టారు.

రాయి పొర వెంట రెండుగా విచ్చుకుంది, పుస్తకం తెరిచినట్టు. లోపల ఇంకో ఆకు. ఒక ముక్క మీద ఆకు, రెండో ముక్క మీద దాని అచ్చు. అప్పటిదాకా గాలి కూడా తగలని ఆకు.

నా కూతురు లేచి దగ్గరికి వెళ్లి, రెండు ముక్కల్నీ వేలితో తడిమి చూసింది.

"లోపటికి ఉలి ఎట్ల వోయింది చిన్నతాతా?"

ఆయన సుత్తి కింద పెట్టారు. ముక్కల వంక చూశారు. ఆ కాసేపు ఆయన ముఖంలో ఒక వ్యాపారి కనిపించాడు, రాయి తెలిసినవాడు. తర్వాత ఆ వ్యాపారి ఆ ముఖంలోంచి వెళ్లిపోయాడు.

"సూసిండ్రా," అన్నారు పిల్లలతో. "లోపట గూడ చెక్కిండ్రు. గిప్పటి మిషన్లకు అయితదా గీ పని?"

పిల్లలు చప్పట్లు కొట్టారు. బాపు తెచ్చిన రాయిని పగలగొట్టినందుకు చిన్నమామయ్య మీద వచ్చిన కోపం ఆ చప్పట్లతో పోయింది. అంత చిన్న మనిషి మీద కోపం దండగ అనిపించింది. నా కూతురు చప్పట్లు కొట్టలేదు. ముక్కల్ని తువ్వాలలో చుట్టి, ఇడ్లీ తినకుండానే చెప్పులు వేసుకుంది.

ఆటోలో మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"చిన్నతాతకు కండ్లు కనవడయా మమ్మీ?"

"కనవడుతయ్ బిడ్డా."

"మరి?"

ఆ రాత్రి తనే మళ్లీ రాయి కథ అడిగింది.