సర్దుకున్న చెల్లెలు

మొన్న చేవెళ్ల బస్సులో ఒక కాలేజీ పిల్ల నా దగ్గరికొచ్చి, "అమ్మమ్మా, జర అడ్జస్ట్ అవుతవా?" అని అడిగింది. ఇద్దరి సీటులో అప్పటికే ముగ్గురం ఉన్నాం. అయినా జరిగాను. మన దగ్గర ఇంకో మనిషికి చోటు దొరకని సీటు ఇంకా తయారు కాలేదు. ఆ ఇంగ్లీషు మాట నా చిన్నప్పుడు మా ఇంట్లో లేదు, సర్దుకో అనేవాళ్లు. పక్కబట్టలు సర్దుకోవాలి, కూరలో ఉప్పు తక్కువైతే సర్దుకోవాలి, అక్కకు పొట్టిదైన లంగాను చెల్లెలు బొందు బిగించి సర్దుకోవాలి. చెల్లెలు నాకంటే మూడేళ్లు చిన్నది. ఇద్దరికీ ఒకే చాప, ఒకే గొంగడి.

నిజాం రాజ్యం ఇంకా ఉన్న రోజులు. నాకు ఎనిమిదేళ్లప్పుడు మొయినాబాదు నుంచి పెద్దమ్మ, అంటే మా అమ్మకు సొంత అక్క, వచ్చింది. వాళ్లకు కిరాణా దుకాణం, పెంకుటిల్లు అన్నీ ఉన్నాయి, పిల్లలే లేరు. మా ఇద్దరిలో ఒకరిని పెంచుకుంటానంది. ముందు నన్నే అడిగింది. నేను వడ్లగుమ్మి చాటున దాక్కుని ఏడ్చి, పోనని మొండికేశాను. చెల్లెలికి సంగతేమీ తెలియదు. ఎడ్లబండంటే సరదా, నవ్వుకుంటూ ఎక్కింది. బండి కదిలాక బాపు అమ్మతో, "చిన్న పిల్ల, రెండు దినాలల్ల సర్దుకుంటది," అన్నాడు.

నెల తర్వాత అమ్మా నేనూ చూడ్డానికి పోయాం. చెల్లెలు కొత్త లంగా కట్టుకుని అరుగు మీద బెల్లం తింటున్నది. మమ్మల్ని చూసి లోపలికి ఉరికి, "అమ్మా, చేవెళ్ల చిన్నమ్మ వచ్చింది," అని పెద్దమ్మకు చెప్పింది. పెంచుకున్నాక వరుస అదే, తప్పేమీ లేదు. పిల్ల మంచిగా సర్దుకుందని పెద్దమ్మ మురిసిపోయింది. అమ్మ కూడా నవ్వింది. తిరుగుదారిలో ఊరు దాటాక బండి ఆపించి, దిగి, చేనుగట్టు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. బండి తోలే ఆయన ఎడ్లకు నీళ్లు చూసొస్తానని దూరంగా వెళ్లాడు.

ఐదారేళ్లకు అమ్మ జ్వరంతో మంచం పట్టింది. పెద్దమ్మ చెల్లెల్ని తీసుకొచ్చింది. అమ్మ దాని చెయ్యి పట్టుకుని, "ఒక్కసారి అమ్మా అని పిలువు బిడ్డా," అంది. చెల్లెలు పెద్దమ్మ ముఖం చూసింది. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ తలూపింది. చెల్లెలు నోరు తెరిస్తే, అలవాటు కొద్దీ చిన్నమ్మా అనే వచ్చింది. తన మాటకు తానే బిత్తరపోయి ఏడ్చింది.

"ఏడ్వకు బిడ్డా. నీకు వచ్చిన మాటనే పిలువు. నాకు ఇనబడుతున్నది," అంది అమ్మ.

మూడో రోజు పోయింది. తర్వాత పెద్దమ్మ పోయింది, చెల్లెలూ పోయింది. ఆ ఇద్దరు తల్లులకంటే నేను ఎక్కువ కాలమే బతికాను. ఇప్పుడు తలుచుకుంటే వాళ్లే నాకు పిల్లల్లా కనబడతారు. ఎవరి మీదా కోపం రాని వయసు వచ్చింది, ఏడుపు రాని వయసు మాత్రం ఇంకా రాలేదు.